రాచెట్టు పానా: పనివారి అభిరుచుల చరిత్ర

1863వ సంవత్సరము జూన్ 16వ తేదీన, అమెరికా సంయుక్త రాష్ట్రములలో అంతర్యుద్ధము తీవ్రముగా సాగుచుండగా, గెటిస్‌బర్గ్ సంగ్రామమునకు రెండు వారముల ముందు, వెర్మాంట్ రాష్ట్రమందలి వుడ్‌స్టాక్ వాస్తవ్యుడు జె. జె. రిచర్డ్‌సన్ అను నాతనికి 38,914వ సంఖ్యగల పేటెంటు లభించెను. నేడు మోటారు షెడ్డులలో రాచెట్టు అని పిలువబడు పానాకు ఆ పత్రమున వర్ణింపబడిన పనిముట్టే మూలరూపము. నట్టు మీదనుండి తీయకయే ముందునకును వెనుకకును ఆడింపదగిన పిడి, పిడి తలలో నిమిడిన పండ్ల చక్రము, ఆ చక్రమును ఒక దిక్కునకు మాత్రమే పట్టి త్రిప్పు కొక్కెము, నట్టు కొలతను బట్టి మార్చుకొనదగిన సాకెట్లు, ఇవి దాని యంగములు. మరుసటి సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీ నాటి సైంటిఫిక్ అమెరికన్ పత్రిక దాని చిత్రమును ప్రకటించెను. ఇంతటి యుపయోగకరమైన వస్తువు వెనువెంటనే ప్రతి కార్ఖానాలోను వెలసియుండునని మనము తలంతుము. కాని దానికి నిజమైన ఆదరణ లభించుటకు సుమారు నలువది సంవత్సరములు పట్టెను. వస్తువు సిద్ధముగా నున్నను దానిని కోరు చేయి ఇంకను సిద్ధపడకుండుటయే ఈ జాగునకు హేతువని నా యభిప్రాయము. పనిముట్ల చరిత్రను నిర్మాతల చరిత్రగా వ్రాయుట లోకమున వాడుక. ఈ యొక్క పానా విషయమున మాత్రము, దానిని పట్టిన వారి ఇష్టానిష్టములే దాని రూపమును దిద్దినవని నాకు దృఢముగా తోచుచున్నది గనుక, ఆ కోణమునుండియే దీనిని చెప్పదలచితిని.

ఒక దిక్కునకు తిరుగనిచ్చి రెండవ దిక్కున నిలువరించు పండ్ల అమరిక రిచర్డ్‌సన్ కల్పన గాదు. అలెగ్జాండ్రియా నగరవాసి యగు హీరో తన యుద్ధయంత్ర గ్రంథమున వర్ణించిన గాస్ట్రఫెటీస్ అను ప్రాచీన గ్రీకు ధనుర్యంత్రమునందు, వింటినారితో కూడ వెనుకకు నెట్టబడిన జారుపలక మరల ముందునకు దుముకకుండ నాపుటకై ఇరుప్రక్కల పండ్ల పట్టీలును, వానిలో పడు కొక్కెములును అమర్చబడియుండెను. ఓడలలో లంగరు త్రాళ్లను చుట్టు చక్రములకును, బరువులతో నడచు గడియారములకును ఇదియే ఆధారము. రిచర్డ్‌సన్ ప్రజ్ఞ యేమనగా, బరువు జారిపోకుండ నాపుటకు వేల యేండ్లుగా నుపయోగపడుచున్న యీ యుపాయమును, చేయి మరల మరల వెనుకకు వచ్చు శ్రమను తగ్గించుటకు వినియోగించుట.

అయినను ఆ నాటి పనివాడు మెచ్చిన పానా వేరొకటి. 1841లో మసాచుసెట్స్ రాష్ట్రమందలి వూస్టర్ పట్టణమున లోరింగ్ కోస్ అనునతడు, పిడిని పట్టిన చేతి బొటనవ్రేలితోనే దవడను దగ్గరకు దూరమునకు జరుపుకొన వీలగు మరపానాకు పేటెంటు పొందెను. అంతకు పూర్వపు సర్దుబాటు పానాలకు రెండు చేతులును కావలసియుండెను. కోస్ పానాకు ఒక్క చేయి చాలెను. ఈ విషయమును పాఠకులు మనసునందుంచుకొందురు గాక. ఏలయన యంత్రము ముందు నిలిచినవాని రెండవ చేయి ఎల్లప్పుడును వేరొక పనిలో నుండును. అది బోల్టు తలను పట్టుకొనియుండును, దీపమును ఎత్తిపట్టియుండును, జారిపోవుచున్న భాగమును నిలువరించుచుండును. పానాల చరిత్రలో జయించిన ప్రతి మార్పును పరిశీలించినచో, ఈ రెండవ చేతికి స్వేచ్ఛ నొసగినదే జయించినట్లు కనబడును.

సర్దుబాటు పానా అంతగా రాజ్యమేలుటకు మరియొక కారణము కలదు. నట్టులకు అప్పటికి స్థిరమైన కొలతలు లేవు. ప్రతి కార్ఖానాయు తనకు తోచిన కొలతలలో మరలు కోసికొనుచుండెను. ఇంగ్లండు దేశమున జోసఫ్ విట్‌వర్త్ 1841లో 55 డిగ్రీల కోణముగల మరల క్రమమును ప్రతిపాదించెను. అమెరికాలో విలియమ్ సెల్లర్స్ 1864లో ఫిలడెల్ఫియా నగరమందలి ఫ్రాంక్లిన్ సంస్థ ముందు 60 డిగ్రీల కోణముగల మరలను, వానితోపాటు నట్టుల బోల్టు తలల కొలతలను ప్రతిపాదించెను. అనగా, కొలత మారని సాకెట్టులతో కూడిన రాచెట్టు పుట్టిన మరుసటి యేడు గాని, కొలత మారని నట్టును గూర్చిన యాలోచన ఆ దేశమున రూపుదాల్చలేదు. సెల్లర్స్ క్రమము రైలు కంపెనీలకును, నౌకానిర్మాణశాలలకును, పిదప కార్ఖానాల కన్నింటికిని వ్యాపించు వరకును, సాకెట్లపెట్టె ఒక్క యంత్రమునకు సరిపోయి ప్రక్కనున్న యంత్రమునకు నిరుపయోగమగుచుండెను. అట్టి స్థితిలో బుద్ధిమంతుడగు పనివాడు అన్నిటికిని ఎంతో కొంత సరిపోవు మరపానానే కోరుకొనుటలో ఆశ్చర్యమేమున్నది?

ఇక రాచెట్టు అవసరమును తెలుపు లెక్క యొకటి చెప్పవలెను. ఆరు పలకల నట్టును సాధారణమైన మూతి పానాతో త్రిప్పునపుడు, ఒక పలకనుండి తరువాతి పలకకు పానాను మార్చుటకు 60 డిగ్రీల మేర పిడి తిరుగవలెను. పానా మూతిని పిడికి 15 డిగ్రీలు వాలుగా చేసినచో, ప్రతిసారియు పానాను బోర్లించి పట్టుట ద్వారా 30 డిగ్రీల మేర స్థలముతో పని జరుగును; నేటి మూతి పానాలకు తల వాలుగా నుండుటకు కారణమిదియే. పండ్రెండు మూలల రింగు పానాకును 30 డిగ్రీలు చాలును. రాచెట్టు చక్రమునకు 24 పండ్లున్నచో 15 డిగ్రీలు చాలును, 36 పండ్లున్నచో 10, 72 పండ్లున్నచో 5, 90 పండ్లున్నచో 4 మాత్రమే చాలును. బయలుగా నిలిచిన ఆవిరి యంత్రము చుట్టును తిరుగుచు పనిచేయువానికి 60 డిగ్రీలకును 5 డిగ్రీలకును గల భేదముతో పనిలేదు. చిన్న పెట్టెలో సమస్త యంగములను క్రిక్కిరిసియుంచిన మోటారు కారు ఇంజను వచ్చినప్పుడే ఆ భేదము ప్రాణప్రదమయ్యెను.

ఆ కారు వచ్చెను. 1908లో వెలువడిన ఫోర్డు మోడల్ టీ 1927లో ఆగిపోవునప్పటికి దాదాపు కోటిన్నర బండ్లు రోడ్లమీదికి వచ్చెను. కమ్మరి కొట్టములును, గుఱ్ఱపు శాలలును గరాజులుగా మారెను. తన పనిముట్లను తానే కొనుక్కొని తన పెట్టెలో దాచుకొను మెకానికు అను నూతన వృత్తిజీవి యుదయించెను. ఈ చివరి మాట చాల ముఖ్యమైనది. కార్ఖానా యజమాని టోకుగా కొని పంచిపెట్టు పానాలో పనివాని యిష్టమునకు చోటు లేదు. తన కూలి డబ్బుతో తాను కొనుక్కొనువాడు బరువు చూచును, పట్టు చూచును, తన అరచేతి వెడల్పునకు సరిపోవునో లేదో చూచును. ఇరువదవ శతాబ్ది తొలి పాదమున ఆటిల్‌బరో పట్టణమందలి ఫ్రాంక్ మాస్‌బర్గ్ కంపెనీ మొదలగు వారు నొక్కుడు ఉక్కు సాకెట్లతోను రాచెట్టు పిడితోను కూడిన పెట్టెలను కారు యజమానులకు అమ్మిరి.

1920లో మిల్వాకీ నగరమున జోసఫ్ జాన్సన్, విలియమ్ సైడెమన్ అను నిరువురు స్థాపించిన స్నాప్-ఆన్ రెంచ్ కంపెనీ ఈ కథలో పెద్ద మలుపు. ఆ కాలమున బలమైన సాకెట్టు పానా యనగా సాకెట్టును పిడిని ఒక్కటిగా అతికించినదని యర్థము. ఏబది రకముల పనికి ఏబది పానాలు మోయవలసియుండెను. జాన్సన్ ఐదు పిడులను, వానికి తగిలించుకొనదగిన పది సాకెట్లను చేసి, ఐదింటితో ఏబదింటి పని జరుగునని ప్రచారము చేసెను. అంతకుముందు తాను పనిచేసిన కంపెనీ యెదుట ఈ యూహ నుంచగా వారు దానిని త్రోసిపుచ్చిరి. కావున తన మిత్రునితో గూడి స్వయముగా నారంభించెను. ఆ కంపెనీ తన సరకును దుకాణముల అరలలో నుంచి కొనువారికై ఎదురుచూడక, అమ్మకపువాండ్రను గరాజుల గుమ్మములకు పంపెను. వారు మెకానికు యెదుట గుడ్డ పరచి, పానాలను దాని మీద వరుసగా పేర్చి, చేతికిచ్చి చూడుమనిరి. ఆర్థిక మాంద్యపు రోజులలో మెకానికులకు వాయిదాలమీద నిచ్చుటయు, రెండవ ప్రపంచయుద్ధానంతరము సరకును బండ్లలో నింపుకొని షెడ్డు షెడ్డునకు తిరుగుటయు ఈ పద్ధతికి సహజమైన విస్తరణలు. వినియోగించువాని మాట నిర్మాతకు నేరుగా చేరుటకు ఇట్లు దారి యేర్పడెను. ఒక పిడి వారము తిరుగకముందే బొబ్బలెక్కించుచున్నదని గాని, తల మందమై ఫలానా నట్టును అందుకొనలేకున్నదని గాని మెకానికు చెప్పిన మాట అమ్మకపువాని చెవినిబడి, అచటనుండి కార్ఖానాకు పోవుచుండెను.

అయినను పనివాని చేతి జ్ఞానమునకు న్యాయమైన వెల దొరకుట ఎంత కష్టమో తెలియగోరువారు పీటర్ రాబర్ట్స్ కథను చదువవలెను. మసాచుసెట్స్ రాష్ట్రమందలి గార్డ్‌నర్ పట్టణమున సియర్స్ దుకాణములో గుమాస్తాగా నున్న ఈ పదునెనిమిదేండ్ల బాలుడు 1963 ప్రాంతమున తీరిక వేళల కూర్చుండి ఒక చిన్న మార్పును కల్పించెను. రాచెట్టు తల వెనుక ఒక బొత్తాము; దానిని బొటనవ్రేలితో నొక్కగనే సాకెట్టు విడివడి రాలును. ఇందేమి గొప్ప యని యడుగువారు నూనెలో మునిగిన చేతులతో సాకెట్టును ఊడబెరుకజూచిన వారు కారు. చిన్న ఉక్కు గుండు స్ప్రింగు బలముచే సాకెట్టు గోడలోని గుంటను పట్టుకొనియుండును; పట్టు బలహీనమైనచో సాకెట్టు ఇంజను లోపల జారిపడును, బలమైనచో జారుడు వ్రేళ్లకు లొంగదు. రాబర్ట్స్ బొత్తాము ఈ రెండు చిక్కులను ఒక్క దెబ్బతో తొలగించెను. కోస్ పానావలెనే పనిని ఒంటిచేతి పనిగా మార్చెను. 1965లో ఆతనికి పేటెంటు లభించెను. కంపెనీవారు ఆ కల్పనకు విలువ స్వల్పమని ఆతనికి చెప్పి, పానా యొక్కింటికి రెండు సెంట్ల వంతున, మొత్తము పదివేల డాలర్లకు మించకుండ చెల్లించునట్లు ఒప్పందము వ్రాయించుకొనిరి. అంతలోనే తాము చేయించిన పరీక్షలలో జనులు దానిని మిక్కిలి మెచ్చుకొనిరని వారెరుగుదురు. 1965 మొదలు 1975 వరకు అట్టి పానాలు కోటి తొంబది లక్షలకు పైగా అమ్ముడుపోయెను. 1969లో రాబర్ట్స్ న్యాయస్థానమునకు పోయెను. 1977లో జ్యూరీ ఆతనికి పది లక్షల డాలర్లు ఇప్పించెను. తరువాత పేటెంటు విషయమై మరల వ్యాజ్యములు నడచి, 1989లో రాజీ కుదిరి మరి 82 లక్షల డాలర్లు ముట్టెను. వ్యాజ్యము ఆరంభించిన యువకుడు దాని యంతమును చూచునప్పటికి నడివయస్సునకు చేరెను. ఈ కథలో నన్ను మిగుల కదిలించునది ధనము పరిమాణము గాదు. దుకాణపు బల్ల వెనుక నిలిచి, కొనువారి ఫిర్యాదులను చెవియొగ్గి వినిన ఒక పిల్లవానికి తోచిన యుపాయము, అంతవరకు ఎందరో ఇంజనీర్లకు తోచకపోవుటయే.

ఇక పనివారిలో నేటికిని తెగని వివాదము పండ్ల సంఖ్యను గూర్చినది. పండ్లు తక్కువైనచో ఒక్కొక్క పన్ను లోతుగాను దృఢముగాను ఉండును. ఎక్కువైనచో సన్ననై, ఒక్క పన్నుమీద మోపిన భారమును భరింపజాలక అరిగిపోవునని పూర్వపు మిస్త్రీలు భయపడుచుండిరి. ఆ భయము నిరాధారము గాదు. అయితే కొక్కెమునకే అనేకమైన పండ్లను కోసి, అవి యన్నియు నొక్కసారిగా చక్రమును కరచునట్లు చేసిన పిమ్మట, సన్నని పండ్ల చక్రము కూడ భారమును పంచుకొని నిలువగలుగుచున్నది. 1990ల దశకమున రింగు పానా తలలోనే 72 పండ్ల చక్రమును ఇమిడ్చిన పానాలు బజారులోనికి వచ్చుటతో, 5 డిగ్రీల సందు కూడ పనికి చాలునను నమ్మకము సామాన్యులకు కలిగెను. ఐనను ముతక పండ్ల రాచెట్టును వదలని వారు పలువురు గలరు. వారి వాదమును తోసివేయరాదు. ముతక పండ్ల చక్రము వెనుకకు వచ్చునపుడు ప్రతి పన్నును దాటుచు స్ఫుటముగా టక్కు టక్కుమని పలుకును. కంటికి కనబడని చోట చేతిని పెట్టి పనిచేయువానికి ఆ ధ్వనియే తన పిడి ఎంత మేర తిరిగినదో తెలుపును. పైగా దుమ్ము, బురద, గడ్డకట్టిన గ్రీజు లోపల చేరినను లోతైన పన్ను కొంత సహించును; సన్నని పండ్ల మధ్య రవ్వంత మన్ను చేరినచో కొక్కెము సగమే కూర్చుండి, బలము పెట్టిన క్షణమున జారి, వ్రేళ్ల కణుపులను గాయపరచును. లారీలమీదను ట్రాక్టర్లమీదను పనిచేయువారు ముతక పండ్లను కోరుటకును, కార్లమీద పనిచేయువారు సన్నని పండ్లను కోరుటకును ఇదియే హేతువు. ఇరువురును తమ తమ పనిని బట్టి సత్యమే పలుకుచున్నారు.

పండ్ల సంఖ్యకంటె తక్కువగా చర్చింపబడినను, అనుభవజ్ఞులు దానికంటె ముఖ్యముగా నెంచు గుణము వెనుకలాగుడు. కొక్కెమును నొక్కు స్ప్రింగు బిగువైనదైనచో, పిడి వెనుకకు వచ్చునపుడు చక్రము కూడ కొంత వెనుకకు తిరుగును. వదులుగా నున్న నట్టు దానితోపాటు వెనుకకు తిరుగును. అంతట పనివాడు త్రిప్పినంతయు వ్యర్థమగును. అట్టి వేళ సాకెట్టు చుట్టును రెండు వ్రేళ్లు వేసి పట్టి నట్టును నిలువరించుట పనివారికి అలవాటు. మంచి రాచెట్టును దుకాణములో పరీక్షించు ఉత్తమ పద్ధతి, తలలోని చదరపు మొనను బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ సుతారముగా పట్టుకొని పిడిని వెనుకకు ఆడించి చూచుట. మొన వ్రేళ్లలో కదలక నిలిచినచో అది మంచిది. తల లోపల చిక్కని గ్రీజు నింపిన కొత్త రాచెట్టు ఈ పరీక్షలో ఓడినను, విప్పి తుడిచి పలుచని నూనె వేసినచో నెగ్గవచ్చును. గుండ్రని తల గలదానికి దుమ్ము తక్కువగా చేరును, బేరికాయ ఆకారపు తల గలది ఇరుకులలో దూరును. త్రిప్పు దిశను మార్చుటకు కొందరు చిన్న మీటను, కొందరు వెనుకనున్న చక్కిని కోరుదురు. నా మట్టుకు మీటయే మేలు. చేతి తొడుగు వేసికొనియున్నను అది తగులును. సాకెట్ల విషయమున ఆరు మూలలవే శ్రేష్ఠము, ఏలయన పండ్రెండు మూలలది నట్టుమీద సులువుగా కూర్చుండినను, అరిగిన నట్టు మూలలను మరింత అరగదీయును.

చదరపు మొన కొలతల విషయమున నొక విచిత్రము గలదు. జర్మనీ, జపాను, మన దేశము మున్నగు మెట్రికు దేశములు నట్టులను మిల్లీమీటర్లలో కొలుచుచున్నను, సాకెట్టును పిడికి తగిలించు మొనను మాత్రము 1/4, 3/8, 1/2, 3/4, 1 అంగుళములుగానే నేటికిని చేయుచున్నవి. అంతర్జాతీయ ప్రమాణము వానికి 6.3, 10, 12.5, 20, 25 అని మిల్లీమీటర్ల పేర్లు పెట్టినను, సరకు పాతదియే. అమెరికా మెకానికు 3/8ని తన కుడిచేయిగా భావించును. మన యాంధ్ర, తెలంగాణ దేశములలో షెడ్డునకు మొదట వచ్చు పెట్టె సామాన్యముగా 1/2 అంగుళముది. లారీ, బస్సు, ట్రాక్టరు పనులే ప్రధానముగా నున్న చోట అది సహజము.

నట్టు కొలతల మార్పు మాత్రము మన మిస్త్రీల పెట్టెలను మూడు మారులు తిరగదోడినది. 1955 నుండి మద్రాసులో తయారైన ఎన్‌ఫీల్డ్ బుల్లెట్టు బ్రిటిషు మరలతో వచ్చెను. విట్‌వర్త్ పానాలమీద చెక్కిన సంఖ్య నట్టు పలకల వెడల్పును గాక బోల్టు మందమును తెలుపును గనుక, ఆ పెట్టెకు అలవాటుపడినవానికి గాని దాని లెక్క పొసగదు. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుండి పుట్టిన అంబాసిడరు కారు అంగుళపు పలకలతో వచ్చెను. 1983 డిసెంబరులో మారుతి 800 జపాను ఇంజనుతో వచ్చినంతట 10, 12, 14, 17 మిల్లీమీటర్ల సాకెట్లే నిత్యావసరములయ్యెను. ఆ ఇరుకు బానెట్టు క్రింద 1/2 అంగుళపు బరువైన రాచెట్టు దూరదు; 3/8 మొనగల చిన్న రాచెట్టు మన పట్టణములలో ఆదరణ పొందుటకు ఆ చిన్న కారే ప్రధాన కారణమని నేను భావించుచున్నాను.

రాచెట్టును గూర్చి ఒక కఠినమైన మాట చెప్పక తప్పదు. తుప్పుపట్టి బిగిసిన నట్టును రాచెట్టుతోనే పెకలింపజూచి, చాలనిచో పిడికి ఇనుప పైపు తొడిగి వ్రేలాడు దురభ్యాసము మన షెడ్డులలో విస్తారముగా నున్నది. పిడి బలమును చక్రమునకు అందించునది ఒక చిన్న కొక్కెము మాత్రమే. పైపు తొడిగినచో ఆ కొక్కెము మీద పడు భారము రెండింతలు మూడింతలగును. పండ్లు విరిగి పిడి హఠాత్తుగా జారినపుడు చేయి విరిగినవారు, పండ్లూడినవారు ఉన్నారు. పెద్ద పనివారు మొదటినుండియు పాటించు క్రమము వేరు: పండ్ల చక్రము లేని ఘనమైన పొడుగు కడ్డీతో నట్టును కదల్చుట, కదలినదానిని రాచెట్టుతో తీయుట, బిగించునపుడు రాచెట్టుతో కూర్చి కడపట బిగువును కొలుచు పానాతో బిగించుట. గాలితోను బ్యాటరీతోను పనిచేయు త్రిప్పు యంత్రములు వచ్చి ఈ క్రమములో మొదటి భాగమును కొంత ఆక్రమించినను, వ్రేలికొసలకు నట్టు బిగువు తెలియవలసిన చోట రాచెట్టునకు ప్రత్యామ్నాయము లేదు.

కావున ఇంటి స్కూటరును కారును తామే చక్కబెట్టుకొనదలచి, ఒక్క రాచెట్టు కొనగోరు పాఠకులకు నా మనవి యిది. పెట్టెలోని సాకెట్ల సంఖ్యను చూచి మోసపోకుడు. 3/8 అంగుళపు మొన, 72 పండ్లు, పలుచని తల, సాకెట్టును విడుచు బొత్తాము గల దానిని, వెనుకలాగుడు పరీక్షించి మరీ తీసికొనుడు. ఆరు మూలల సాకెట్లలో 8, 10, 12, 13, 14, 17 మిల్లీమీటర్లవి మొదట చాలును. ఆ రాచెట్టుతోపాటే, అదే దుకాణములో, అదే రోజున, 1/2 అంగుళపు ఘన కడ్డీ నొకదానిని, దానికి తగు సాకెట్లతో తప్పక కొనుడు.